సంక్రాంతి క్రికెట్‌లో ఆడపిల్లలకు చోటు లేదట: మీ కాలనీల్లో ఎలా ఉంది?

గోదావరి గట్టు
రాజమండ్రిలో మాదొక మధ్యతరగతి కాలనీ. ఏటా సంక్రాంతికి పిల్లలకు ఆటల పోటీలు పెడతారు. ఈసారి కమిటీ వాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టిన జాబితా ఇది. పన్నెండేళ్ల లోపు అబ్బాయిలకు టెన్నిస్ బాల్ క్రికెట్, వాలీబాల్. అమ్మాయిలకు ముగ్గులు, మ్యూజికల్ చైర్స్, లెమన్ అండ్ స్పూన్.

మా పాపకి పదకొండేళ్లు, ఆరో తరగతి. చిన్నప్పటి నుంచీ సాయంత్రాలు ఖాళీ స్థలంలో ఈ అబ్బాయిలతోనే ఆడుతోంది. ఎడమ చేత్తో స్పిన్ వేస్తుంది. టీములు పంచుకునేటప్పుడు దాన్ని ముందే పిలుచుకుంటారు. పేరు ఇవ్వడానికి వెళితే "నువ్వు ముగ్గుల్లో పాల్గొనమ్మా" అన్నారట. నేను ఫోన్ చేశాను. "మాకేం అభ్యంతరం లేదండీ, చూసేవాళ్లు ఏమనుకుంటారు? రేపు బంతి తగిలితే ఎవరిది బాధ్యత?" అన్నారు.

మావారు ఒక్క టోర్నమెంట్ కోసం గొడవెందుకు అంటున్నారు. మా అత్తగారేమో "ఇంకో ఏడాదికి ఎలాగూ మానాల్సిందేగా, ఇప్పుడే మాన్పిస్తే నయం" అన్నారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

మీ దగ్గర పిల్లల్ని కలిపి ఆడిస్తారా? ఏ వయసు దాకా? కమిటీని ఒప్పించిన వాళ్లుంటే ఎలా ఒప్పించారో చెప్పండి.

బెజవాడ బాబాయ్
అబ్బాయికి బంతి తగిలితే ఎవరిది బాధ్యతో ముందు అది అడగండమ్మా. దానికి వాళ్ల దగ్గర జవాబు ఉంటే అదే జవాబు మీ పాపకీ వర్తిస్తుంది.

కడప కారం
ఎడమ చేతి స్పిన్ అంటున్నారు కదక్కా. మా జిల్లా శ్రీచరణిదీ అదే బౌలింగ్. 2025 నవంబరులో మనం గెలిచిన మహిళల వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీసింది. అప్పుడు మీ కమిటీ వాళ్లు కూడా టపాకాయలు కాల్చే ఉంటారు. ఆ స్కోర్ కార్డు ప్రింట్ తీసి గేటుకి అంటించండి.

సిరి వాళ్లమ్మ
అందరూ ఒకవైపే మాట్లాడతారని తెలుసు. అయినా నేను చెప్పాల్సింది చెబుతాను. మాకూ ఆడపిల్లే. పోయిన వేసవిలో ఒక కోచింగ్ క్యాంపులో చేర్పించాం. పేరు చెప్పను. అక్కడ ఏడేళ్ల వాళ్ల నుంచి పదిహేనేళ్ల వాళ్ల దాకా అందరూ ఒకే గ్రౌండ్‌లో. పెద్ద అబ్బాయి ఒకడు మా పాప పరిగెత్తేటప్పుడు కావాలని అడ్డం వచ్చి ముట్టుకోవడం, మాటలనడం. అది రెండు వారాలు మాకు చెప్పలేదు, కడుపునొప్పి అని ఎగ్గొట్టింది. కోచ్‌కి చెబితే "పిల్లలన్నాక మామూలే" అన్నాడు. ఆ రోజే మాన్పించాం.

చూసేవాళ్లు ఏమనుకుంటారని నాకు లెక్కలేదు. పిల్ల భద్రంగా ఉందా లేదా అన్నదే నా లెక్క. విడిగా ఆడించండి, తప్పేముంది?

పీఈటీ మాస్టారు
ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, పశ్చిమ గోదావరి.

గోదావరి గట్టు అమ్మా, ముందు రూలు సంగతి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-14, 17, 19 విభాగాలున్నాయి, వాటిలో అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరు వేరు జట్లు. అది పోటీ కోసం, ఎంపికల కోసం పెట్టిన విభజన. కాలనీలో పన్నెండేళ్ల లోపు పిల్లలు టెన్నిస్ బాల్‌తో ఆడుకోవడానికి అలాంటి రూలు ఎక్కడా లేదు. కమిటీ వాళ్లు "రూల్స్ ఒప్పుకోవు" అంటే ఏ రూలో చూపించమనండి.

అసలు సంగతి చెబుతాను. బడిలో గ్రౌండ్ ఒక్కటే. ఆటల పీరియడ్ వారానికి రెండు మూడు దొరికితే గొప్ప, అవి కూడా పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారికి వెళ్లిపోతాయి. గంట కొట్టగానే అబ్బాయిలు బ్యాటు పట్టుకుని గ్రౌండ్ మధ్యకి పరిగెడతారు. అమ్మాయిలకి ఒక టెన్నికాయిట్ రింగు, ఒక త్రోబాల్ ఇచ్చి చెట్టు కిందకి పంపడం చాలా బళ్లలో అలవాటు. అందులో కూడా సగం మంది నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. తరువాత "ఆడపిల్లలకి ఆటల మీద ఇంట్రెస్ట్ లేదు" అని మనమే అంటాం. ఇంట్రెస్ట్ ఎక్కడి నుంచి వస్తుంది, చేతికి బ్యాటే రాకపోతే!

సిరి వాళ్లమ్మ గారూ, మీకు జరిగింది ఘోరం. ఆ కోచ్ అన్న మాట అంతకన్నా ఘోరం. ఏడేళ్ల పిల్లనీ పదిహేనేళ్ల కుర్రాణ్ణీ ఒకే బ్యాచ్‌లో వేసినవాడు కోచ్ కానే కాదు. అలాంటి చోట పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, పిల్లలపై లైంగిక వేధింపులకు శిక్ష వేసే పోక్సో చట్టం 2012 నుంచీ ఉంది. కానీ అక్కడ లోపం పర్యవేక్షణలో ఉంది. ఆడా మగా కలిసి ఆడటంలో లేదు. ఆ కుర్రాడు చిన్న మగపిల్లల్ని కూడా ఏడిపించే ఉంటాడు.

సిరి వాళ్లమ్మ
ఏడిపించాడు మాస్టారూ, నిజమే. కానీ మగపిల్లాడి అమ్మ వాణ్ణి ఆట మాన్పించలేదు. మేం మాన్పించాల్సి వచ్చింది.

లలిత కాకినాడ
సిరి వాళ్లమ్మ గారి చివరి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. తప్పు చేసినవాడు గ్రౌండ్‌లోనే ఉన్నాడు. పిల్ల ఇంట్లో ఉంది.

డాక్టర్ పద్మజ
పిల్లల డాక్టర్ని. ఏ వయసు దాకా అన్నదానికి శరీరం వైపు నుంచి చెబుతాను.

పదేళ్ల లోపు పిల్లల్లో పరుగు, దూకడం, బలం విషయంలో ఆడపిల్లలకీ మగపిల్లలకీ తేడా చాలా తక్కువ. ఒక మగపిల్లాడికీ ఇంకో మగపిల్లాడికీ ఉన్న తేడా అంతకన్నా ఎక్కువ. బంతి విసరడంలో మాత్రం చిన్నప్పటి నుంచే మగపిల్లలు ముందుంటారు. అందులో కొంత వాళ్లు రోజూ రాయో బంతో విసురుతూ ఉండటం వల్ల కూడా. ఆడపిల్లలు పదీ పదకొండేళ్లకే పొడవు సాగడం మొదలుపెడతారు, మగపిల్లలు దాదాపు రెండేళ్లు ఆలస్యం. అందుకే ఆరో తరగతి గ్రూప్ ఫోటోలో వెనక వరసలో ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. పదమూడు, పద్నాలుగు దాటాక టెస్టోస్టిరాన్ ప్రభావంతో అబ్బాయిల కండ, ఎత్తు, వేగం పెరిగిపోతాయి. అక్కడి నుంచి పోటీలు విడిగా పెట్టడంలో న్యాయం ఉంది. లేకపోతే అమ్మాయిలకి పతకాలే రావు.

కాబట్టి పదకొండేళ్ల పాప టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడటానికి వైద్యపరంగా అడ్డేమీ లేదు. "ఆడపిల్లకి దెబ్బ తగిలితే పెళ్లి కాదు" అని నా దగ్గరికొచ్చి అన్న తాతలున్నారు. మగపిల్లాడి పన్ను విరిగితే మాత్రం ఆ ప్రశ్న రాదు. ఇంకో సంగతి, నెలసరి రోజుల్లో ఆడకూడదన్న నియమం కూడా వైద్యంలో లేదు. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు.

ముక్కుసూటి
డాక్టర్ గారు చెప్పింది పాయింట్. పన్నెండేళ్ల లోపు కలిపి, ఆ పైన విడిగా. టాపిక్ క్లోజ్.

హన్మకొండ కబడ్డీ
క్లోజ్ కాదన్నా. అసలు కథ పన్నెండు దాటినంకనే మొదలైతది.

మా ఊళ్లో మా అన్నదమ్ములతో, పక్కింటి పిల్లలతో కబడ్డీ ఆడేదాన్ని. ఎవరన్న కూతకు వస్తే కాలు పట్టడం నా స్పెషాలిటీ. కోర్టు లైనంతా సున్నంతో మేమే గీసుకునేటోళ్లం. ఏడో తరగతిల పెద్దమనిషినైన. ఫంక్షన్ చేసిండ్రు, వోణీలు, ఫోటోలు, భోజనాలు, ఊరంతా వచ్చింది. అంతా అయినంక ఒకరోజు సాయంత్రం గ్రౌండ్‌కి పోయిన. అన్నదమ్ములు ఏమనలే. రోడ్డు మీద అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు మా నాయినను పిలిచి మాట్లాడిండ్రు. నాయిన నన్ను ఏమనకుండ ఇంటికి తీస్కపోయిండు. అప్పటి నుంచి మా కోర్టుకు పోలే.

నా ఒంట్లో బలం పెరిగే సమయంలో నా ఆట ఆపేసిండ్రు. ఊళ్లో ఆడపిల్లల టీము లేదు. కలిసి ఆడొద్దంటరు, విడిగ ఆడదామంటే విడిగ ఏదీ ఉండదు. పద్నాలుగేళ్ల పిల్ల పద్నాలుగేళ్ల పిల్లగానితో కబడ్డీ పట్టు పట్టాలని నేను కూడా అంటలే. కానీ "విడిగా" అని చెప్పేటోళ్లు ఆ విడి కోర్టు ఎక్కడుందో చూపించాలె.

లలిత కాకినాడ
"విడిగా" అన్నవాళ్లు విడి కోర్టు చూపించాలి. ఈ మాట మా అపార్ట్‌మెంట్ మీటింగులో వాడుకుంటాను చెల్లీ.

నూర్ నిజామాబాద్
హన్మకొండ చెల్లి చెప్పింది మా ఊళ్లో అందరికీ తెలిసిన కథే. మా ఊరి నిఖత్ జరీన్ గురించి చెబుతాను. చిన్నప్పుడు ఇక్కడి గ్రౌండ్‌లో బాక్సింగ్ రింగులో ఒక్క అమ్మాయి కూడా కనిపించకపోతే, అమ్మాయిలు బాక్సింగ్ చేయరా అని వాళ్ల నాన్నని అడిగిందట. ఆడపిల్లలకి అంత బలం లేదని జనం అనుకుంటారని ఆయన చెప్పారట. ఆ మాటకే పట్టుదల వచ్చిందని ఆమే చాలాసార్లు చెప్పింది. మొదట్లో అబ్బాయిలతోనే ప్రాక్టీస్, ముక్కు నుంచి రక్తం కారించుకుని ఇంటికి వెళ్లింది. అమ్మ ఏడిస్తే, బాక్సింగ్‌లో పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని తనే సర్దిచెప్పిందట. నిక్కర్లు వేసుకుంటుందని చుట్టాలు చాలా మాటలన్నారు. 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ. ఇప్పుడు డీఎస్పీ కూడా.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆమె నాన్న. ఆయన కూడా ఆటగాడే, రోజూ పక్కన నిలబడ్డారు. మా మొహల్లాలో ఇప్పుడు బాక్సింగ్‌కి పంపే తండ్రులున్నారు. కానీ పంపేది "అమ్మాయిల బ్యాచ్ ఉందా" అని అడిగాకే. ఆ బ్యాచ్ పెట్టాకే మా చెల్లెలి కూతురు వెళ్లగలిగింది. కాబట్టి విడి బ్యాచ్ అంటే వెనకబాటు అని కొట్టిపారేయకండి. కొన్ని ఇళ్లకి గడప దాటించేది అదే.

సిరి వాళ్లమ్మ
థాంక్స్ నూర్ గారూ. నేను చెప్పాలనుకున్నది మీరు నాకన్నా బాగా చెప్పారు.

బెజవాడ బాబాయ్
మా బెజవాడని మర్చిపోతే ఊరుకోను. వెన్నం జ్యోతి సురేఖ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆర్చరీలో మూడు స్వర్ణాలు తెచ్చింది. అందులో ఒకటి మిక్స్‌డ్ టీమ్, ఓజస్ దేవతలేతో కలిసి. మా ధీరజ్ బొమ్మదేవర, అంకిత భకత్ కలిసి పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. కలిసి ఆడటం అంటే చిన్నపిల్లల ఆటే అనుకుంటున్నారు కొందరు. ఒలింపిక్స్‌లోనే ఆర్చరీ, షూటింగ్, 4x400 రిలే, టేబుల్ టెన్నిస్ అన్నిట్లో మిక్స్‌డ్ ఉంది. బ్యాడ్మింటన్‌లో అయితే 1996 నుంచీ ఉంది.

ముక్కుసూటి
బాబాయ్, విల్లు పట్టుకుని పక్కపక్కన నిలబడటం వేరు, కబడ్డీ వేరు. కలపకండి.

బెజవాడ బాబాయ్
క్రికెట్ దేనికి దగ్గర మరి? బ్యాట్స్‌మన్‌ని ఎవరైనా పట్టుకుంటారా?

చదరంగం పిచ్చి
తాకే ఆటలూ తాకని ఆటలూ అని విడదీస్తే చెస్ సంగతేంటి? అక్కడా అమ్మాయిల విభాగం వేరే ఉంది. కోనేరు హంపి 1999లో అహ్మదాబాద్ ఆసియా యూత్ పోటీల్లో అండర్-12లో అబ్బాయిలతో ఆడి గెలిచింది. 2002లో పదిహేనేళ్లకి గ్రాండ్‌మాస్టర్. మా అకాడమీలో పెద్దవాళ్లు "అమ్మాయిల సెక్షన్‌లో ఆడితే కప్పు గ్యారంటీ" అని ఆడపిల్లల్ని అటు తోస్తారు. కప్పు వస్తుంది, రేటింగ్ పెరగదు. కప్పుతో పాటు ఆడామగా అందరూ ఆడే ఓపెన్ సెక్షన్‌లో కూడా ఆడించండి అని నేను ప్రతి తల్లిదండ్రులకీ చెబుతుంటాను.

ఫ్రిస్కో నాన్న
టెక్సాస్ నుంచి. ఇక్కడ కలిపి ఆడిస్తారు కాబట్టి అంతా బాగుంటుందని అనుకోకండి. నాది వేరే అనుభవం.

మా పాప ఆరేళ్లప్పుడు కో-ఎడ్ సాకర్‌లో, అంటే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడే ఫుట్‌బాల్‌లో చేరింది. జట్టులో ముగ్గురు అమ్మాయిలు. ఆ సీజనంతా నేను సైడ్‌లైన్‌లో కుర్చీ వేసుకుని గమనించింది ఒకటే. అబ్బాయిలు బంతిని అబ్బాయిలకే తోస్తారు. మా పాప ఖాళీగా నిలబడి చెయ్యెత్తినా ఇవ్వరు. కోచ్ మంచివాడే, "పాస్ చెయ్యండి" అని అరిచేవాడు, పిల్లలు వినలేదు. తరువాత అమ్మాయిల జట్టులో వేశాం. అక్కడ మొదటి మ్యాచ్‌లోనే బంతి దాని కాళ్ల దగ్గరకు ఎన్నోసార్లు వచ్చింది, గోలు కూడా కొట్టింది. ఇంటికొచ్చేదాకా కారులో మాటలు ఆపలేదు.

ఇక్కడ లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో అమ్మాయిల్ని 1974 దాకా రానివ్వలేదు. న్యూజెర్సీలో ఒక పాప కోసం కోర్టుకెక్కాక మారింది. తలుపు తీయించడం అవసరమే, కాదనను. లోపలికి వెళ్లాక బ్యాటింగ్ దొరుకుతుందా అని కూడా చూడాలి. గోదావరి గట్టు గారూ, మీ పాపని టీములో పెట్టి బౌండరీ దగ్గర నిలబెట్టేస్తే "ఆడనిచ్చాం కదా" అంటారు జాగ్రత్త.

హన్మకొండ కబడ్డీ
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. గల్లీ క్రికెట్‌ల ఆడపిల్లకు దొరికే డ్యూటీ ఏంది? బాల్ పక్కింట్ల పడితే తెచ్చుడు. "నిన్నైతే ఆంటీ తిట్టదు, నువ్వు పో" అంటరు.

కడప కారం
ఆంటీ దగ్గర నుంచి బంతి తేవడం కూడా పెద్ద టాలెంటే కదక్కా! మా వీధిలో ఆ పని చేయగల మగాడు ఇంతవరకు పుట్టలేదు.

లీడ్స్ లక్ష్మి
ఫ్రిస్కో అన్న చెప్పిన దానికి ఇక్కడ ఒక పరిష్కారం చూశాను, బాగా పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో చిన్నపిల్లల క్రికెట్ చాలా క్లబ్బుల్లో జంటలుగా ఆడిస్తారు. ఇద్దరిద్దరు బ్యాటింగ్‌కి వస్తారు, ప్రతి జంటకీ ఇన్ని ఓవర్లు అని ముందే లెక్క. ఔటైతే పెవిలియన్‌కి పోనక్కర్లేదు, టీము స్కోరులోంచి కొన్ని పరుగులు తీసేసి మళ్లీ ఆడనిస్తారు. బౌలింగ్ కూడా అందరికీ సమానంగా వస్తుంది. దీంతో ఎవరినీ దాచిపెట్టడం కుదరదు. సరిగా రాని అబ్బాయిలకి కూడా ఇదే మేలు, ఎందుకంటే మామూలు గల్లీ క్రికెట్‌లో వాళ్లకీ బ్యాటింగ్ రాదు.

ఇక్కడ ఫుట్‌బాల్‌లో అండర్-18 దాకా అమ్మాయిలు అబ్బాయిల జట్టులో ఆడొచ్చు, ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకుంటుంది. అలాగని అందరూ కలిసి ఆడరు, పన్నెండు దాటాక చాలామంది అమ్మాయిల జట్లకే పోతారు. దారి మూయలేదంతే. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మనవరాలు అబ్బాయిలతో ఫుట్‌బాల్ ఆడటం చూసి మొదట మొహం అటు తిప్పుకుంది. ఇప్పుడు వీడియో కాల్‌లో మొదటి ప్రశ్న "ఈ వారం గోలెంత?"

అబ్బాయి నాన్న
మగపిల్లల తల్లిదండ్రులు ఎవరూ మాట్లాడట్లేదు, అందుకని నేను. మా వాడికి పన్నెండు. ఖమ్మం. వీధిలో ఒక పాప బౌలింగ్‌లో క్లీన్ బౌల్డ్ అయ్యాడు. పిల్లలు ఏమనలేదు. పక్కన కూర్చున్న పెద్దోళ్లు, మా బావమరిదితో సహా, "ఏరా, ఆడపిల్ల చేతిలో ఔటయ్యావా, గాజులు తొడుక్కో" అని నవ్వారు. వాడు వారం రోజులు ఆడటానికి వెళ్లలేదు.

వాడికి ఆ పాప మీద కోపం లేదు. "ఆ అమ్మాయి బాల్ బాగా తిప్పుద్ది నాన్నా" అన్నాడు. మనసు విరిచింది మావాళ్లే. బావమరిదితో గట్టిగా మాట్లాడాను, మా ఇంటి వాకిట్లో ఆ మాట ఇంకోసారి వినపడొద్దని. ఆడపిల్లలకి అన్యాయం అని మాట్లాడుతున్నాం, సరే. ఈ మాటల వల్ల మగపిల్లలు కూడా ఆట వదిలేస్తున్నారు. పిల్లల్ని మార్చడం కాదు, బెంచీ మీద కూర్చున్న పెద్దల నోరు అదుపులో పెట్టాలి.

డాక్టర్ పద్మజ
చాలా మంచి పని చేశారు. "గాజులు తొడుక్కో" అని విన్న పిల్లాడు రేపు తన చెల్లెల్ని కూడా తక్కువగానే చూస్తాడు.

ముక్కుసూటి
నేను ఇందాక టాపిక్ క్లోజ్ అన్నది క్రికెట్ వరకే. కబడ్డీ, రెజ్లింగ్ లాంటివి పదేళ్ల నుంచే విడిగా ఉండాలని నా అభిప్రాయం, మార్చుకోను. పట్టు పట్టే ఆటలో పిల్లలకే ఇబ్బందిగా ఉంటుంది. వాళ్ల ఇబ్బందిని మనం గౌరవించాలి.

పీఈటీ మాస్టారు
ముక్కుసూటి గారితో సగం ఏకీభవిస్తాను. పిల్లకి ఇబ్బందిగా ఉంటే ఏ వయసులోనైనా బలవంతం చేయకూడదు. కానీ పదేళ్ల దాకా బరువు చూసి జోడీలు వేస్తే చాలు. తరువాత కబడ్డీ విడిగానే ఆడిస్తాను. పెద్దల కబడ్డీలో కోర్టు కొలతే వేరు, మగవాళ్లకి 13x10 మీటర్లు, ఆడవాళ్లకి 12x8. వాలీబాల్‌లో నెట్ 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24. ఆటే శరీరాన్ని బట్టి కొలత మార్చుకుంటుంది, అందులో అవమానం ఏమీ లేదు.

నేను కలిపి ఆడించేది ఖోఖో. మా బడిలో ఆరు, ఏడు తరగతులకి కలిపే. వీపు మీద తట్టి "ఖో" అనడం, పరుగు, మలుపు తిరగడం. మలుపు దగ్గర పొట్టి పిల్లలు, చురుకైన పిల్లలు పొడుగువాళ్లని తిప్పలు పెడతారు. పోల్ పట్టుకుని ఒక్క చేత్తో గిర్రున తిరిగి డైవ్ కొట్టే పాప ఒకతి ఉంది, మోచేతులు ఎప్పుడూ గీసుకుపోయే ఉంటాయి, కొబ్బరి నూనె రాసుకుని మళ్లీ వస్తుంది. మొదటి వారం అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు కూర్చున్నారు. నేను హాజరు పట్టీ వరసలో కూర్చోబెట్టాను. తరువాత ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్లే మర్చిపోయారు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో వరల్డ్ కప్‌లో మన మగ జట్టూ ఆడ జట్టూ రెండూ గెలిచాయి. ఆ రోజు మా పిల్లల గోల చూడాల్సింది.

టెన్నికాయిట్ గురించి ఇందాక తక్కువ చేసి మాట్లాడాననుకోకండి. అది చక్కని ఆట, మిక్స్‌డ్ డబుల్స్ కూడా ఉంది. నా బాధ దాన్ని ఆడపిల్లలకి కాలక్షేపంగా పడేయడం గురించి.

నూర్ నిజామాబాద్
ఇంకొకటి గుర్తొచ్చింది. మా జిల్లా మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు ఆనంద్ కుమార్, ఇద్దరూ గురుకులం పిల్లలు, 2014 మేలో కలిసి ఎవరెస్టు ఎక్కారు. ఆమెకి పదమూడేళ్లు. ఎవరెస్టు మీదికి కలిసి పంపగలిగిన వాళ్లం, కాలనీ ఖాళీ స్థలంలో కలిసి ఆడించలేమా?

గోదావరి గట్టు
అందరివీ చదివాను. నిన్న కమిటీ మీటింగుకి వెళ్లాను. బాబాయ్ గారి ప్రశ్న అడిగాను, బాధ్యత ఎవరిదని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కార్యదర్శి గారు, ప్రతి పిల్లకీ పిల్లాడికీ తల్లిదండ్రుల సంతకం తీసుకుందాం అన్నారు. లక్ష్మి గారు చెప్పిన జంటల పద్ధతి కూడా చెప్పాను, దానికి, తమ పిల్లాడికి బ్యాటింగ్ దొరకట్లేదని బాధపడే ఒక నాన్నగారు వెంటనే ఓటేశారు. చివరికి ఏం తేలిందంటే, ఒక్క అమ్మాయి కోసం రూలు మార్చం, కనీసం నలుగురు పేర్లిస్తే కలిపి పెడతాం.

ఇప్పుడు మూడు పేర్లున్నాయి. నాలుగో పాపకి ఆడాలని ఉంది, వాళ్ల నాయనమ్మ ససేమిరా అంటోంది. ఆ పాప వాళ్లమ్మ నాతో విడిగా చెప్పింది అసలు కారణం. కమ్యూనిటీ హాల్ బాత్రూం ఆటల రోజుల్లో తాళం వేసి ఉంటుంది. అబ్బాయిలు గోడ వెనక్కి పోతారు. పాపకి ఈమధ్యే నెలసరి మొదలైంది, ఎండలో అంతసేపు ఎలా అని వాళ్ల భయం. ఇన్నేళ్లుగా మాకెవరికీ ఆ తాళం సంగతి తట్టలేదు.

సిరి వాళ్లమ్మ
తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి. కమిటీ దగ్గర వద్దు, మీ దగ్గరే. లోపల బకెట్లో నీళ్లు, సబ్బు, ప్యాడ్లు, చెత్తబుట్ట. ఆ నాయనమ్మ గారిని మీరే వెళ్లి పిలవండి, వచ్చి కుర్చీలో కూర్చుని చూడమనండి. ఇంకో మాట, ప్రతి మ్యాచ్‌కీ ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు ఆడవాళ్లు, గ్రౌండ్ దగ్గర ఉండేలా చూడండి. ఇవి ఉంటే మా సిరిని కూడా పంపేదాన్ని.

పీఈటీ మాస్టారు
తాళం సంగతి బళ్లలో కూడా ఇంతే. మరుగుదొడ్డి సరిగా ఉన్న బడిలో ఆడపిల్లలు ఆటలకి వస్తారు, లేని బడిలో రారు. నా సర్వీసంతా చూసిందదే.

లలిత కాకినాడ
గోదావరి గట్టు గారూ, లెక్కలు కలపడానికి అంపైర్ కావాలా? మావారు వస్తారు, రాజమండ్రి మాకు గంటన్నరే.

గోదావరి గట్టు
తప్పకుండా రమ్మనండి. లక్ష్మి గారూ, ఆ రూల్స్ వివరంగా కావాలి. టీముకి ఎనిమిది మంది, అంటే నాలుగు జంటలు. ఒక్కో జంటకి ఎన్ని ఓవర్లు, ఔటైతే ఎన్ని పరుగులు తీయాలి?

లీడ్స్ లక్ష్మి
మా క్లబ్బులో ఔటైతే ఐదు పరుగులు తీస్తారు. మీకు టైం తక్కువ ఉంటే జంటకి రెండు ఓవర్లు పెట్టండి, ఎనిమిది ఓవర్లలో ఇన్నింగ్స్ అయిపోతుంది, ఎనిమిది మందికీ తలా ఒక ఓవర్ బౌలింగ్ వస్తుంది. మొదట రెండు టీములకీ వంద పరుగులు ఇచ్చేయండి, లేకపోతే స్కోరు మైనస్‌లోకి పోయి పిల్లలు డీలా పడతారు. ఔటయ్యాక బ్యాట్స్‌మన్లు ఎండ్ మారాలి, లేదంటే ఒకే పిల్లాడు వరసగా ఔటవుతూ ఉంటాడు. వైడ్లకి రెండు పరుగులు ఇవ్వండి, కానీ ఆ బంతి మళ్లీ వేయించకండి, ఒక్క చివరి ఓవర్లో తప్ప.

కడప కారం
చివరి ఓవర్ మీ పాపకి ఇవ్వండక్కా.

ముక్కుసూటి
అదెలా? జంటల పద్ధతిలో ఎవరి ఓవర్ ఎప్పుడో ముందే చీటీ తీయాలి. రూలంటే రూలే.

లీడ్స్ లక్ష్మి
ముక్కుసూటి గారు కరెక్ట్. చీటీలు తీయండి, పిల్లల చేతే తీయించండి.